తెగితే మోగేది

చీమకుర్తి దాటి రామతీర్థం రోడ్డెక్కితే
ఎడమచేతి పక్క మూడో గుంట మాది.
మాదంటే ఓనరుది.
నాది అందులో ఒక స్విచ్చిబోర్డు,
ఒక రేకుల కొట్టు, రాత్రి డ్యూటీ.

పోయిన తుపానుకి పడమటి గోడలో బీట పడింది.
వేలు దూరేంత కాదు, రూపాయి బిళ్ల దూరేంత.
ఓడెక్కి దేశాలు పోయే నల్లరాయి
ఒప్పుకోదు గదా తనలో చీలిక ఉందని.

ఖాసింపీరా కనిపెట్టాడు.
కనిపెట్టడమంటే చూడ్డం,
కొత్తది చెయ్యడం,
కనిపెట్టుకోని ఉండడం.
మా మాటలో మూడూ ఒకటే.

మోటారు చుట్టగా మిగిలిన రాగితీగ,
వెంట్రుక కన్నా రవ్వంత లావు.
బీటకి ఆ ఒడ్డున మేకు, ఈ ఒడ్డున మేకు,
మధ్యన తీగ బిగించి
రెండు కొసలూ నా కొట్టులోకి లాక్కొచ్చాడు.
రిలే. రిలే మీద పాత లారీ హారను.

"తీగలో కరెంటు నడిచినంతసేపూ
ఇది నోరు మూసుకోని ఉంటది.
రాయి కదిలితే తెగుద్ది, తెగితే అరుస్తది.
తీగ బ్యాటరీ చచ్చినా అరుస్తది,
ఎలక కొరికినా అరుస్తది."

ఎందుకన్నా ఇట్టా తిరగేసి పెట్టావంటే
బీడీ ఆర్పి చెప్పాడు:
"సైదాపురం అభ్రకం గనిలో
మా నాయన దిగిన రోజు పైన గంటుంది,
గంట కాడ మనిషున్నాడు,
కింద తాడు లాగే చెయ్యీ ఉంది.
మధ్యలో తాడు తెగుంది.
లాగితే మోగే గంట
తన తాడు తెగిన సంగతి ఎట్టా చెప్పుద్దిరా?
చచ్చేది చెప్పకుండా చావకూడదు."

మొదటివారం మేక తగిలి మోగింది.
తర్వాత కంప్రెషరు అదురుకి మోగింది.
ఊరికేనే మోగింది ఒక మధ్యాన్నం.
ఒరిస్సా కుర్రోళ్లు, క్రేను సెల్వం
పరిగెత్తి పరిగెత్తి నన్ను తిట్టుకున్నారు.
గంటాగితే ఎంత నష్టమో
సూపర్వైజరు నా మొహం ముందర వేళ్లు మడిచాడు.
మూడోవారానికి
నాకు నిద్ర లేదు.

అప్పుడు చేశా.
జానెడు తీగముక్క.
కొసలు పళ్లతో గీకి
ఆ రెండు తీగలూ వచ్చే చోట వంతెన కట్టా.
జంపరంటారు దాన్ని.
ఇంక రాయి ఏమన్నా చేసుకోనీ,
రిలేకి రోజూ ఒకటే ఉత్తరం:
ఇక్కడ మేమంతా క్షేమం,
అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.

తెల్లారగట్ల మూడున్నర.
కింద బెంచీ మీద పదకొండు మంది.
ఢామ్మని మోగింది.

హారను కాదు.

నాకు చెప్పకుండా ఖాసింపీరా
అదే బీటకి రెండో తీగ కట్టాడంట,
మేకకీ అదురుకీ తెగనంత లావుది.
దాని కొసన ట్రాక్టరు డిస్కు,
డిస్కు కింద ఖాళీ డీజిలు పీపా.
అందులో కరెంటు లేదు, రిలే లేదు,
నేను లేను.

పదకొండు మందీ లగెత్తారు.
ఇల్లంత రాయి దిగొచ్చి
వాళ్ల టీ గ్లాసులున్న చోట కూర్చుంది.
సెల్వం చెప్పు ఒకటి దాని కింద పోయింది.
రెండోది వారం రోజులు చేత్తో పట్టుకోని తిరిగాడు,
ఎందుకో పారెయ్యలేక.

తెల్లారి ఖాసింపీరా బోర్డు మూత తీశాడు.
చూశాడు.
కటింగ్ ప్లేయరుతో జంపరు పీకి
నా చొక్కా జేబులో వేశాడు.
"నిన్ను నమ్ముతానురా" అన్నాడు.
"నీ నిద్రని నమ్మలా."
టీ తాగుదాం రమ్మన్నాడు.
నేను పోలా.

ఆ రాయిని ఓనరు కోయించి అమ్మాడు.
ఎవరింటి వంటగట్టయిందో,
దాని మీద ఎవరు ఉల్లిపాయలు తరుగుతున్నారో.

గోడకి ఇప్పుడు కొత్త బీట, కొత్త తీగ.
నిన్న రాత్రి రెండుసార్లు మోగింది.
మొదట తొండ. తర్వాత ఏమీ లేదు.
రెండుసార్లూ టార్చి పట్టుకోని పోయి చూసొచ్చా.
మూడోసారి మోగలా.
చానాసేపు మోగలా.

లేచి, చెప్పులేసుకోని,
పోయి చూశా.