పెదవి లోపలి రంగు

గులాబమ్మ చెక్కపెట్టెల వచ్చింది,
ఇరవై రెండేండ్ల కింద, గడ్డిల చుట్టుకొని.
ఆ పేరు మా బ్యాచి పెట్టిందే.
ఒళ్లంత గులాబి, కండ్లు నీలం,
సూదులు గుచ్చి గుచ్చి మోచేతి మడత జల్లెడయింది.
పక్క మార్చినా, నోరు తుడిచినా
ఒక్కనాడు మూలుగలె.
మా స్కూల్ల అందరికంటే మంచి పేషెంటు.

ఆమె మీదనే నేను నేర్చుకున్న,
ఆమె పక్కన నిలబడే ఇప్పుడు పాఠం చెప్తున్న:
'ఆక్సిజన్ తగ్గితే పెదవులు నీలమైతయి.'
నలభై పెన్నులు కదిలినయి.
ఒక్కటి ఆగింది.

పూనెం సుగుణ. తాడ్వాయి అవతల ఊరు.
ఇంగ్లీషుల అడగబోయి, తెలుగుల తడబడి,
ఆఖరుకు తన కింది పెదవి పట్టి చూపింది:
'మా నాయినయి ఎప్పుడూ నల్లగనే ఉంటయి మేడం.
మరెట్ల ఎరుకైతది?'
క్లాసంత నవ్వింది.
నేను నవ్వలె, అంతకంటే పాపం చేసిన.
'బుక్కుల ఉన్నది రాయి' అన్న.

బుక్కు ఏ చలిదేశంల అచ్చయిందో,
అందుల అన్నీ ఆ దేశపు మొకాలే.
మేం దాన్ని మే నెలల, రేకుల షెడ్డు కింద,
తెల్ల మేజోళ్లు తొడుక్కొని చదివినం.
టోపీ పిన్ను జారితే రెండు మార్కులు కోసేటోళ్లు.
టీచరయినంక నేనూ కోసిన.

వార్డుల ఒక ముసలమ్మను అడిగిన:
'నొప్పి ఒకటి నుంచి పదిల ఎంతున్నది?'
'అవేమన్న వడ్లా బిడ్డా, మానికెతోని కొలువ?'
షీటు మీద అయిదని రాసిన.
ఎందుకో నాకే తెల్వదు.

శనివారం మాక్ డ్రిల్లు.
సెకండియర్ పిల్లలు కుంకుమ నీళ్లు పూసుకొని
మెట్ల మీద పడి మూలిగిన్రు, నవ్వాపుకుంట.
ఎర్ర ట్యాగు, పసుపు ట్యాగు, నల్ల ట్యాగు.
నేను ఈల ఊదిన.
పదకొండు నిమిషాలు. శభాష్ అనుకున్నం.

జులై వాన ఈల వినలె.
రాత్రి రెండింటికి నాలా గోడ దాటింది.
జనరేటరు కింద ఎందుకున్నదని
డ్రిల్లుల ఎవ్వరం అడగలె.

మోకాలి లోతు నీళ్లు.
వేలికి పెట్టే మిషన్లు ఒక్కొక్కటే కన్ను మూసినయి.
ట్యాగుల సిరా కరిగి అందరిదీ ఒకే రంగు.
మెట్లెక్కించాలె. ఎవల్ని ముందు?

సుగుణ ఫోను లైటు పండ్ల నడుమ పట్టుకొని
ఒక్కొక్కరి పెదవి లోపలికి తిప్పింది.
రెప్ప కింద, చిగురు మీద, అరచేతి గీతలల్ల
వెతికింది.
పదహారో మంచం ముసలాయనతోని
తమ మాటల ఏదో అన్నది.
ఆయన అంకె చెప్పలె.
రొమ్ము మీద బండ ఉన్నట్టు చేత్తోని చూపిండు.
'ఈయన ముందు మేడం!'

పెదవి బయట ఎప్పటి నలుపే.
లోపల నేరేడు పండు.

గప్పుడు యాదికొచ్చింది
పద్నాలుగేండ్ల కింద, అదే వార్డుల, కిటికి పక్క మంచం.
ఊట్ల రాజవ్వ. నైట్ డ్యూటీ నాది.
చార్టుల నా రాతే: 'రంగు మామూలు.'
తెల్లారేసరికి చల్లబడ్డది.
నన్నెవరూ ఏమీ అడగలె.
అడగనందుకే ఇన్నేండ్లు మంచి నర్సునని పేరు.

పొద్దుగాల నీళ్లు పిక్కల దాక దిగినంక
ల్యాబు తలుపు నూకితే
గులాబమ్మ బోర్ల తేలుతున్నది.
తిప్పిన.
రాత్రంత మునిగిన మనిషికి
పెదవులు ఇంకా గులాబి రంగే.

ముసలాయన ఇంటికి పోయిండు.
జనరేటరు ఇంకా కిందనే ఉన్నది,
ఉత్తరాలు రాస్తనే ఉన్న.

సోమవారం క్లాసుకు ముందు
బాత్రూం అద్దంల నా కింది పెదవి తిప్పి చూసుకున్న,
నలభై ఏండ్లల్ల మొదటిసారి.

బుక్కులు మూయుండ్రి.
పక్కపిల్ల పెదవి లోపల చూడుండ్రి.
ఆ రంగును మీ ఇంట్ల ఏమంటరో
అదే రాయుండ్రి.