మంగళవారం తాడు

బుకోమ్‌లో మంగళవారం సముద్రానికి సెలవు.
పడవలు ఇసుకలో పక్కకి ఒరిగి పడుకుంటాయి.
వల తడవదు, చేపల్ని పొగబెట్టే నా పొయ్యి రాజుకోదు.
కుర్ర బాక్సర్లు చేరే రేకుల షెడ్డుకి
తెల్లారకముందే నేనూ వెళ్తాను,
యాభై మూడేళ్ళదాన్ని,
నడుముకి గుడ్డ బిగించి.

మొదటి రోజు అటా లార్యా అడిగాడు:
"చేపలమ్మడానికొచ్చావా, అక్వేలే?"
"కాదు, ఎగరడానికి."
ముసలాడు నవ్వలేదు.
మేకుకి వేలాడుతున్న తాళ్ళలోంచి ఒకటి తీసి
నడిమధ్య తొక్కిపట్టమన్నాడు.
కొసలు చంకల దాకా వస్తే అది నీ తాడు.
సైకిల్ బ్రేకు తీగకి ప్లాస్టిక్ గొట్టం తొడిగింది,
పిడులు ఎవరెవరి చెమటో తాగి నల్లబడ్డాయి.

మేం కవలలం, నేనూ అక్వోకోర్.
ఒకే ఎత్తు, ఒకే చేతివాటం.
అందుకే వాడంతా కలిసి
మమ్మల్ని తాడు తిప్పేవాళ్ళని చేసింది.
ఆ కొస అది, ఈ కొస నేను.
మధ్యలో ఎగిరిన పిల్లలెందరో.
గొంతు చించుకుని లెక్కపెట్టింది మేమే.
లోపలికి మాత్రం ఒక్కసారీ దూకలేదు.
ఎవరూ రమ్మనలేదు,
మాకూ అడగాలని తోచలేదు.

రెండేళ్ళ కిందట అక్వోకోర్
లైట్‌హౌస్ పక్క మెట్లెక్కుతూ
మూడో మెట్టు మీద కూర్చుంది,
ఆయాసం తీరాక లేద్దామని.
లేవలేదు.

ఆ తర్వాతే నేను ఆస్పత్రికి పోయింది.
నర్సు జబ్బకి పట్టీ చుట్టి, గాలి ఊది, అంకె చూసి
నమ్మకం లేక మళ్ళీ ఊదింది.
మాత్రలిచ్చింది. ఉప్పుచేప మానమంది.
ఎవరితో చెప్తున్నావమ్మా అనబోయి ఊరుకున్నాను.
నాలుగు నెలలు నడిచి, అంకె దిగి,
ఆమె సరేనన్నాకే తాడు.

మూడు ఎగుర్లు. తాడు మడమకి చుట్టుకుంది.
మళ్ళీ మూడు.
నలుగుర్ని కన్న ఒళ్ళు, ఎగిరితే తడుస్తుంది.
అది అటా లార్యాకి చెప్పలేదు,
రెండో వారం నుంచి లోపల మడతగుడ్డ పెట్టుకున్నాను.

"ఆకాశం దాకా ఎందుకు? తాడు దూరేంత చాలు.
మడమ నేలకి తగలనివ్వకు.
చేతులు కాదు, మణికట్లు తిప్పు" అనేవాడు.
ఇంకోటీ అనేవాడు:
"ఎముకకి దరువు కావాలి.
వినిపించకపోతే అది ఎముకనన్న సంగతే మరిచిపోతుంది."
నిజమో కాదో. నాకు తెలిసిందల్లా
పిక్కల్లో ఎక్కడో దాక్కున్న రెండు ఉండలు
నలభై ఏళ్ళ తర్వాత బయటికొచ్చాయి.
బుట్ట నెత్తికెత్తుకుంటే మెడ వణకడం లేదు.
రాత్రి పక్క ఎక్కీ ఎక్కగానే నిద్ర.
గుండె మొదట్లో తలుపు బాదే అప్పులవాడు,
ఇప్పుడు గోడవతల
ఎవరో నెమ్మదిగా పిండి దంచుతున్నట్టుంటుంది.

పద్నాలుగేళ్ళ ఆయీటే తాడు కనపడకుండా తిప్పుతాడు,
గాలి కోసినట్టు ఈల మాత్రం వస్తుంది.
వాడి పక్కన నాది చాకిరేవు చప్పుడు.
అయినా మొన్న
వంద దాటాను.
లెక్క గట్టిగానే పెట్టాను, పాత గొంతుతో.
రెండు కొసలూ నా చేతుల్లోనే ఉన్నాయి.
అరవై దగ్గర అనుకుంటా,
ఎడమ చెయ్యి నాది కాదనిపించింది.
తాడు తప్పలేదు.

చెమట తుడుచుకుని, కెంకే పొట్లం కొనుక్కుని
లైట్‌హౌస్ మెట్ల దగ్గరికి పోయాను.
ఆగకుండా పైదాకా ఎక్కాను.
సముద్రం ఒట్టిగా పడుంది, ఒక్క పడవా లేదు.
దిగేటప్పుడు మాత్రం
మూడో మెట్టు మీద కాసేపు కూర్చున్నాను,
ఆయాసం లేకుండానే.