తీర్చడం

సైదాపురంలో ఆదివారం మా వాకిట్లోంచి రెండు దార్లు.
జపమాల జేబులో వేసుకుని నేను మాత గుడికి,
అట్ట ఊడిన కీర్తనల పుస్తకం చంకన పెట్టుకుని
మా మామ జ్ఞానమిత్రం లూథరన్ గుడికి.
మధ్యాన్నం చేపల పులుసు కాడ మళ్ళీ కలిసేవాళ్ళం,
కలిసేది కొట్లాడుకోవడానికే.

ముప్పయ్యేళ్ళు ఒకే మాట మీద:
నీతిమంతుడిగా తీర్చబడటం.

తీర్చడమంటే తీర్పు తీర్చడం, అనేవాడు మామ.
గూడూరు కోర్టులో జడ్జి ఒక్క మాట అంటాడు:
పో, నీ మీద కేసు లేదు.
బోనులోవాడు మంచోడని కాదబ్బయ్యా,
వాడి శిక్ష ఇంకొకాయన పడ్డాడని.

తీర్చడమంటే ముగ్గు తీర్చడం కూడా, అనేవాణ్ణి నేను.
పిలకాయల తల దువ్వి పాపిడి తీర్చడం.
వేలు పట్టుకుని పలక మీద దిద్దించి దిద్దించి
అక్షరం వాడిదయ్యేదాకా పక్కన కూచోడం.
నీ దేవుడు చేసింది కళాయి పని, మామా.
పూత తెల్లన. పూత కింద చిలుము అట్నే ఉండాది.

పొగాకు కాడ తుంచుకుంటా నవ్వేవాడు.
"ఆ పూతే లేకుంటే ఇప్పుడు నువ్వు జుర్రే పులుసు
విషమయ్యుండేది, శౌరయ్యా."

ఆయన కూతురు, నా భార్య కరుణమ్మ
గిన్నెలెత్తుకుంటా అనేది:
ఇద్దరూ తీర్చింది చాలు, చేతులు కడుక్కోండి.

ఈ చలికాలం మామకి పక్షవాతం.
కుడి చెయ్యి, సగం నోరు పోయినాయి.
పదకొండో రోజు కలిచేడు నుంచి ఒకామె వచ్చింది.
రమణమ్మంట, మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
చెప్పులు బయట విడిచి, మంచం పక్కన కింద కూచుని చెప్పింది:
అభ్రకం గనిలో ఆమె మొగుడు మస్తానయ్య
తొట్టిలో గుంటలోకి దిగిన పొద్దు
గిలక కాడ మోకు పట్టాల్సిన మనిషి తాగున్నాడు.
ఆ మనిషి ఇరవయ్యారేళ్ళుగా
నెలనెలా అర బస్తా బియ్యం సైకిలు మీద తెచ్చి
గడప బయట దించి పోతాడంట,
మంచినీళ్ళు కూడా తాగకుండా.
ఈ నెల రాలేదని చూడొచ్చింది.

ఆమె పోయినాక గెలిచినోడిలా దగ్గరికి పోయినా.
ఏం మామా, క్రియలతో పనిలేదన్నావే, మరి ఆ బియ్యం?

ఎడమ చెయ్యెత్తి గాల్లో కొట్టేశాడు.
"లెక్కలో రాయొద్దు," అన్నాడు, మాట జారిపోతా.
"మస్తాన్ని బియ్యంతో తూస్తావా?
తీరదు. తీరిందని ఆయనే అనాల."

నా జేబులో జపమాల బరువెక్కింది.
గనిలో కూలి చీటీల్లాగా
ఎన్నేళ్ళుగా లెక్కపెడతున్నానో ఆ పూసల్ని.
మా స్వాములవారు అట్టా నేర్పలేదు.
ముందొచ్చేది కృపే అన్నారు, మనం అడక్కముందే.
నేనే దాన్ని కూలి కిందకి మార్చుకున్నా.

అయినా ఒక సంగతి మాత్రం వదలను.
కాకిబంగారం అని ఊరు ఎగతాళి చేసే ఆ అభ్రకాన్ని
పొర తియ్యడం నాకు నేర్పింది మామే.
కత్తి మొన సందులో పెట్టి విప్పితే
పొర కింద పొర, మెరుపు కింద అదే మెరుపు.
పూతయితే గీరితే పోవాల.
ఇరవయ్యారేళ్ళు ఎండా వానా ఆ సైకిలు మీద గీరినా పోలేదే.
ఆయన పలికితే పగలు పుట్టింది గదా మామా,
నువ్వు నీతిమంతుడివని పలికితే
ఆ మాట నీ చర్మం కాడే ఆగుద్దా?

ఇదంతా పైకి అనలా.
వేణ్ణీళ్ళు తెచ్చి ఒళ్ళు తుడిచినా. తల దువ్వినా.
పాపిడి తీరుస్తుంటే అడిగాడు: "వంకర పోయిందా?"

లేదు మామా, సూటిగా ఉండాది, అన్నా.

అద్దం అడగలేదు. నమ్మాడు.

పాపిడి నిజంగా సూటిగానే ఉండాది.