పాపిడి

లెస్టర్‌లో వెల్‌ఫర్డ్ రోడ్డు. బుధవారం, సాయంత్రం నాలుగుంబావు.
నలభై ఆరేళ్లకి నా పదకొండో డ్రైవింగ్ పాఠం.
పక్కసీట్లో ట్రెవర్ హాలమ్,
మోకాళ్ల మధ్య ఫ్లాస్కు,
కాళ్ల దగ్గర తనకో బ్రేకు.
నా మీద ఆయనకెంత నమ్మకమో ఆ బ్రేకుకి తెలుసు.
వాన కాదు, వాన ముందుగా పంపిన తుంపర.
వైపర్లకి పని ఉన్నట్టూ లేనట్టూ.

మూడో పాఠంలో కేఫ్ బల్ల మీద
చక్కెర పొట్లాలు పేర్చి చెప్పాడు:
ఇది నువ్వు, ఇది బస్సు, ఈ చెంచా అంబులెన్సు.
చెంచాకి దారివ్వడం తేలికే.
చెంచా అరవదు.

ముందు వినపడింది. ఎటునుంచో తెలియలేదు.
చెవులు రెండూ చెరో దిక్కు చూపించాయి.
"అద్దం," అన్నాడు ట్రెవర్.
అద్దంలో నీలం.
బండి నుదుట తిరగరాసిన అక్షరాలు
నా అద్దంలోకొచ్చి తిన్నబడ్డాయి,
నాకే రాసిన ఉత్తరంలా.

ముందేమో ఎర్రలైటు.
నా కాలు దానంతటదే కదిలింది
గీత దాటేసి తప్పుకుందామని.
"వద్దు. అది ఎంత అరిచినా తెల్లగీత నీ గీతే.
దారి వెతుక్కోవడం వాళ్ల పని.
కంగారుపడకపోవడం నీది."

అప్పుడు సైరన్ ఆగింది.
నీలం మాత్రం తిరుగుతూనే ఉంది
నా చేతుల మీద, ఫ్లాస్కు మూత మీద,
పక్క కారులో నిద్రపోతున్న చంటిపిల్ల బుగ్గ మీద.
మమ్మల్ని ఎరుపులోకి తరమకూడదని
గొంతు తగ్గించుకుందట.
లోపల ఎవరి ఊపిరి ఎంత మిగిలిందో గానీ
మా భయానికి కూడా కాస్త చోటుంచింది.

పదిహేడు సెకన్లు. లెక్కపెట్టాను.

పచ్చ.
అద్దం. ఎడమ ఇండికేటర్. సైకిలబ్బాయి ఉన్నాడా, లేడా.
పేవ్‌మెంటు ఎక్కకు, మలుపులో ఆగకు,
చటుక్కున బ్రేకు తొక్కకు.
అన్నీ గుర్తున్నాయి, క్లచ్ తప్ప.
కారు ఒక్క దగ్గు దగ్గి చచ్చింది.
అదృష్టం, అంచుకి చేరాకే.

ఎదురుగా బ్రెడ్డు వ్యాను ఒరిగింది.
రెండంతస్తుల బస్సు, అంత ఒళ్లేసుకుని,
గోడకి బల్లిలా అంటుకుంది.
ఎవరూ హారన్ కొట్టలేదు.
తడిజుట్టులో దువ్వెన మొన దిగినట్టు
రోడ్డు నడినెత్తిన పాపిడి.
అందులోంచి అది వెళ్లిపోయింది.

ఆ తర్వాతే నాకు వింత.
పాపిడి అలాగే ఉంది.
ఎవరూ దాంట్లో దూరలేదు.

ట్రెవర్‌కి చెప్పలేదు గానీ
ఇరవై రెండేళ్ల కింద, విజయవాడ బెంజ్ సర్కిల్లో,
ఆఫీసు వేళ,
నా స్కూటీ ఒక అంబులెన్సు తోక పట్టుకుంది.
జనం దానికిచ్చిన దారిలో నేను.
నా వెనక ఇంకో నలుగురు.
వెనకద్దంలోంచి ఒక పెద్దావిడ మమ్మల్నే చూస్తోంది
ఒక చేత్తో సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని.
మేమూ తన తాలూకు మనుషులమే అనుకుందో ఏమో,
రండి రండి అన్నట్టు తలూపింది.

ఆఫీసుకి తొమ్మిది నిమిషాలు ముందు చేరాను.
టీ తాగాను.

"ఇక వెళ్లనా?"
"ఆగు. ఒకటి వెళ్లాక ఒక్కోసారి రెండోది వస్తుంది.
అద్దం చూడు."

చూశాను.
తడిరోడ్డు, మెల్లగా వరసలోకి సర్దుకుంటున్న లైట్లు.
రెండోది రాలేదు.
ఇంజను స్టార్ట్ చేసి
ఇంకాసేపు అద్దంలోకే చూశాను.
"ఇంకెవరికోసం?" అన్నాడు ట్రెవర్, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

కుడి ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది.
వెనక దూరంగా, తుంపరలో, ఒక స్కూటర్ దీపం.
దాన్ని ముందు వెళ్లనిచ్చాను.