ముందుగా ఆరిన చోటు

పార్క్‌లేన్‌ల మూడో అంతస్తు. లిఫ్ట్ నడవదు.
లిఫ్ట్ రిపేరు మాకు రాదని
ఆయాసపడుకుంట వచ్చిన ప్రతి గిరాకీకీ ముందే చెప్త.

సలీహా ఆగకుండ ఎక్కొచ్చింది.
ఛత్తాబజార్‌ల పెళ్లి కార్డులు గీస్తదట.
చున్నీల చుట్టిన లాప్‌టాప్ బల్ల మీద పెట్టి
"పదకొండు పెళ్లిళ్లున్నయి ఇందుల" అన్నది.
చాయ్ పడిందా అంటే లేదన్నది.
విప్పి చూస్తే కీబోర్డు కింద ఎండిన మీగడ.
నేనేం అనలే.

కంపెనీ సర్వీస్ సెంటర్‌ల బోర్డే మార్చాలన్నరట,
ఇరవై రెండు వేలు.
ఆరేండ్లు చేసిన నేనక్కడ.
అక్కడ ఎవరూ బోర్డును చూడరు, దాని నంబరు చూస్తరు.

చార్జర్ పెట్టిన.
దాని దీపం ఒక్కసారి ఉలిక్కిపడి ఆరిపోయింది.
అంటే, లోపలికొచ్చిన పంతొమ్మిది వోల్టులు
తోవల ఒక్క ఇంటి గడప కూడా ఎక్కకుండ
తిన్నగ గ్రౌండ్‌ల కలుస్తున్నయి.

మీటర్ నల్ల ముల్లు గ్రౌండ్ మీద,
ఎర్ర ముల్లు మొదటి కెపాసిటర్ మీద.
కూత.
పక్కదాని మీద. కూత.
ఆవలి మూలకు, ప్రాసెసర్ దగ్గర, ఫ్యాన్ కింద
నువ్వుగింజలంత ముప్ఫై ఆరు,
అన్నీ ఒకే లైన్ల నిలబడ్డయి,
అన్నిట్ల నుంచీ అదే కూత.

ఇదే ఈ పనిల మోసం.
ఒక్కటి లోపల చితికితే చాలు,
మీటర్ ముందు అందరూ దొంగలే.
ఒక ఇంట్ల సైకిల్ పోతే
గల్లీ మొత్తాన్ని జీపెక్కించినట్టు.

ఇబాద్ ఉస్తాద్ చెప్పేటోడు:
"అడిగితే అన్నీ ఒక్కటే చెప్తయి బేటా.
ఒక్క వోల్టు ఇయ్యి. అంతకు మించొద్దు.
గట్టిగ గద్దిస్తే బతికున్నయి సుత చస్తయి."
థర్మల్ కెమెరా కొనే తాహతు ఆయనకు లేకుండె.
నాకూ లేదు.

బ్రష్‌ను స్పిరిట్‌ల ముంచి బోర్డు మొత్తం తడిపిన.
ఒక్క వోల్టు. మూడు ఆంపియర్లు.
నా ఊపిరి తగిలినా ఆరుతదని
మొఖం పక్కకు తిప్పుకున్న.
వాన వెలిసిన డాంబరు రోడ్డు లెక్క మెరుస్తున్నది తడి.
వెనుక సలీహా ఫోన్ల ఎవరికో చెప్తున్నది:
"పేరు తప్పుంటే నేనేం చెయ్యాలె, ఫైలు దాన్లనే ఉండిపాయె."

అప్పుడు మెమరీ స్లాటు వెనుక
గోరంచంత జాగ
అన్నిటికన్న ముందు ఆరింది.

వేలు పెట్టిన. చురుక్కుమన్నది.
పైన పగులు లేదు, మసి లేదు.
పక్కదానికీ దీనికీ తేడా చెప్పమంటే
నేను సుత చెప్పలేను.

వేడిగాలి, చిమటా,
అర నిమిషంల ఊడొచ్చింది.
మళ్ల ముల్లు పెట్టిన.
ముప్ఫై ఐదూ మౌనం.
చార్జర్ దీపం నిలబడ్డది.
ఫ్యాన్ ఒకసారి దగ్గి తిరిగింది.

"అది లేకుంటే నడుస్తదా?" అడిగింది సలీహా.
నడుస్తది. మిగిలినవి మోస్తయి.
ఒకటి తక్కువైందని ఎవరికీ తెల్వదు కూడా.
ఇదే మాట నాకొకసారి చెప్పిన్రు,
ఏసీ గదిల, నవ్వుకుంట, చేతిల కవరు పెట్టి.

"జర కూసో" అన్న.
సచ్చిన బోర్డుల డబ్బా గుంజి
అదే కొలత, అదే విలువ వెతికిన.
పోయినేడు వరదల మునిగిన
బోడుప్పల్ బడి లాప్‌టాప్‌ల దొరికింది.
ముక్కుపొడుమంత ఫ్లక్స్.
సోల్డర్ కరిగి, మెరిసి,
రెండు దిక్కులా దాన్ని పట్టుకున్నది.

పద్దెనిమిది వందలన్న. పదిహేను ఇచ్చింది.
తెర మీద మొదటి కార్డు తెరుచుకున్నది,
ఉర్దూ ఒక దిక్కు, తెలుగు ఒక దిక్కు, నడుమ గులాబీ తీగ.
పెళ్లికొడుకు పేరుల ఒక చుక్క తక్కువున్నదని
నిలబడే, అక్కడనే పెట్టింది.

ఆమె మెట్లు దిగినంక గుర్తొచ్చింది,
ఊడదీసింది చూపిద్దామనుకున్న.
బల్లంత వెతికిన.
నడుమ నేను తుమ్మినట్టున్న.