అనుకోవడమైనది

బ్లైనై ఫెస్టినియోగ్‌లో వాన ఆగితేనే వార్త.
వేల్స్ కొండ కింద, పలకరాయి గుట్టల మధ్య
వరసలో ఏడో ఇల్లు.
టేపు, టార్చి, తడిసిన బూట్లు.
ఇంటికి మార్కులు వేయడానికి వచ్చాను.

తలుపు తీసింది ఐర్లిస్, కోటు వేసుకుని ఉంది.
బయటికి వెళ్తున్నారా అన్నాను.
లేదు, ఇంట్లోనే ఉన్నాను అంది.

గోడ మందం అరవై సెంటీమీటర్లు. రాయి.
లోపల ఏముందో పగలగొడితే గానీ తెలీదు,
పగలగొట్టే హక్కు నాకు లేదు.
అలాంటి చోట రాయడానికి మాకొక మాట ఉంది:
ఇన్సులేషన్ లేదు, అనుకోవడమైనది.
నేల కింద కూడా, అనుకోవడమైనది.
పదిహేనేళ్ళ నా ఉద్యోగంలో సగం ఆ మాటే.

గోడలకు చెవులుంటాయంటారు.
వీటికి నోళ్ళున్నాయి.
హీటరు పెట్టిందల్లా మింగి
వీధిలోకి ఆవులిస్తాయి.

అటక మీద దూదిపొర నాలుగు వేళ్ళ మందం,
అదీ ఎలుకలు పంచుకోగా మిగిలింది.
ఆరు బల్బుల్లో నాలుగు పొదుపువి.

"మీటర్లో వారానికి పదిహేను పౌండ్లు వేస్తాను,
అయిపోతే అయిపోయినట్టే" అంది ఐర్లిస్.
"ఇంత తక్కువ కాలిస్తే మంచి అక్షరమే రావాలిగా?"

ఎలా చెప్పను?
నా కంప్యూటర్లో ఈ ఇంట్లో వేరే సంసారం కాపురముంటుంది.
వాళ్ళు ముందుగదిని ఇరవై ఒక్క డిగ్రీల్లో ఉంచుకుంటారు,
రోజూ వేణ్ణీళ్ళు పోసుకుంటారు,
తెల్లారి మెట్ల మీద నిలబడి
స్విచ్చి వెయ్యాలా వద్దా అని లెక్కలు వేసుకోరు.
కాగితం మీద పడేది వాళ్ళ ఖర్చు.
ఐర్లిస్ వణుకు ఏ లెక్కలోకీ రాదు.

మెట్ల కింద వేణ్ణీళ్ళ ట్యాంకు.
దానికి పాత బొంత చుట్టి
డ్రెస్సింగ్ గౌను నాడాతో కట్టింది,
పొత్తిళ్ళలో బిడ్డలా.
ఫారంలో మూడే గడులు:
జాకెట్, నురుగు, ఏమీ లేదు.
ఆ ముడి వంక చూస్తూ కాసేపు గొంతుక్కూచున్నాను.
ఏమీ లేదు అని నొక్కాను.

ముప్పై ఏడు.
ముప్పై తొమ్మిదొస్తే ఈ, రాకపోతే ఎఫ్.
ఎఫ్ ఇంటిని అద్దెకివ్వకూడదు.

ఆరేళ్ళ మాక్సెన్, ఇన్‌హేలరు చేతిలో పట్టుకుని
నా భుజం మీంచి తెర చూశాడు,
పచ్చ నుంచి ఎరుపుదాకా రంగుపట్టీలు.
"ఇవి మెట్లా? మనం ఎక్కడ?"
చూపించాను.
"అది ఎఫ్ కాదు, మా బళ్ళో దాన్ని 'వ' అంటాం"
అని నన్ను దిద్దాడు.

వాణ్ణి వంటగదిలోకి పంపి, గొంతు తగ్గించి ఐర్లిస్ అడిగింది:
"ఏ అక్షరం వస్తే మేం ఇక్కడే ఉంటాం?"

దానికి నా దగ్గర పట్టిక లేదు.
ఎఫ్ వస్తే యజమాని బాగు చేయించొచ్చు,
ఖాళీ చేయించి అమ్ముకోనూ వచ్చు.
ఇరవై పౌండ్ల జాకెట్ ట్యాంకుకి తొడిగితే
రెండు మార్కులొస్తాయి, అక్షరం మారుతుంది.
గోడకి ఆ సంగతి తెలీదు.

ప్రోథెరోకి ఫోన్ చేశాను.
రెండు తక్కువయ్యాయన్నాను.
"రెండేనా" అని ఊపిరి పీల్చుకున్నాడు.
జాకెట్ గురించి చెప్పాను. గోడ గురించీ చెప్పాను.
జాకెట్ దగ్గర పెన్ను గీసిన చప్పుడు వినబడింది.
గోడ దగ్గర వినబళ్ళేదు.

కారులో కూచుని, ఇతర వివరాలు అన్న చోట
'బొంత ఉంది, ముడి గట్టిగా ఉంది' అని రాశాను.
ఎర్రగా మెరిసి, చెల్లదంది.

వైపర్లు వేసి తలెత్తితే
పై గది కిటికీ ఆవిరి మీద ఒక చిన్నవేలు మెట్లు గీస్తోంది.
అన్నిటికంటే పై మెట్టు మీద ఇద్దరు మనుషులు.
నేను గేరు మార్చేలోపే
నీళ్ళు కారి, ఇద్దరూ
మూడో మెట్టుదాకా దిగారు.