చెప్పుల లెక్క

నలుగురమని రాశాడు ఫోన్లో.
ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒక్క రాత్రి.
కళింగపట్నంలో సముద్రం వైపు గది కావాలన్నాడు.
సరేనన్నాను.
నాలుగు దుప్పట్లు ఎండేశాను,
నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించాను,
ట్యాంకు నిండాక మోటారు కట్టేశాను.

చీకటి పడ్డాక వచ్చారు.
కారులోంచి నలుగురే దిగారు, మర్యాదగా.
ఆధార్లు చూపించి తాళంచెవి తీసుకున్నారు.
నేను వెనక వంటింట్లోకెళ్ళి
చారుకి పోపు పెట్టేలోగా
సందు చివర ఆటో ఆగిన చప్పుడు.
లైటు ఆర్పుకుని వచ్చే ఆటోలో
చుట్టాలుంటారు గాని దొంగలుండరు.

ముప్పై ఒక్క ఏళ్ళు బ్రాంచి పోస్టాఫీసులో
ముద్రలు కొట్టిన చెయ్యి నాది.
కవరు పట్టుకుంటే చాలు,
లోపల ఎన్ని కాగితాలు కుక్కారో తెలిసిపోయేది.
స్టాంపు తక్కువైతే రెట్టింపు వసూలు, అదీ రూలు.
అంచులకి నల్లసిరా పూసిన కవరైనా
పసుపు రాసిన శుభలేఖైనా
నాకు ఒకటే తూకం.

మనుషుల్ని లెక్కపెట్టాలంటే మొహమాటం.
చెప్పుల్ని లెక్కపెట్టొచ్చు.
పొద్దున్నే చీపురు పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.
తోలువి, రబ్బరువి,
అడుగేస్తే కీచుమనే చంటిదాని బూట్లు,
పిన్నీసు మీద బతుకుతున్న హవాయి:
పదకొండు జతలు.
నాలుగు తీసేస్తే ఏడు.
ఏడు ఐదువందలు మూడువేల ఐదువందలు.
దండెం నిండా నావి కాని తువాళ్ళు.
ట్యాంకు అడుగంటింది.
అరవకూడదు, గట్టిగా మాత్రం ఉండాలి, అని
నోట్లో మాటలు పేర్చుకుంటున్నాను.

పెరట్లో గిలక చప్పుడు.

మోకాళ్ళ దాకా చీర ఎగదోపి
నా నూతిలోంచి నా చేదతో
నా తొట్టి నింపుతోందొక ముసలామె.
పాదాలకి ఏమీ లేవు.
నౌపడ ఉప్పుమళ్ళలో యాభై ఏళ్ళు తొక్కిన పాదాలట.
తెల్లగా, బిరుసుగా, కొయ్యతో చేసినట్టు.
ఏ కొట్లోనూ వాటికి సైజు లేదు,
అందుకే నా లెక్కకి చిక్కలేదు.

"సముద్రాన్ని మళ్ళల్లో ఎండేసినాను గానీ
దాని పక్కన ఒక్క రేత్రీ తొంగోనేదమ్మా."

మనవడు ఢిల్లేశ్వరరావు లేచొచ్చి
గోడకి చెప్పుకున్నట్టు చెప్పాడు.
మామ్మని తెద్దామనుకున్నామండి,
మామ్మ అనేసరికి అత్తలు బయల్దేరారు,
అత్తలనేసరికి వాళ్ళ గుంటలు...

రిజిస్టరు తెచ్చాను.
ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పారు,
బడిలో హాజరుకి నిలబడ్డట్టు.
పదకొండో పేరు దగ్గర కలం మూత పెట్టాను.

"మరి నాను?"

ఊరుకో మామ్మా, అన్నాడు మనవడు.
నీళ్ళు తోడావు కదా, నీకొద్దులే, అన్నాను నేనూ.
తిరిగొచ్చిన మనియార్డరులా అయింది ముఖం.

"నీల్లు తోడింది తోచక.
తొంగున్నది సొమ్మిచ్చి.
నన్నొగ్గీకు. రాయి."

కొంగుముడి విప్పింది.
వందలు మూడు, మిగతావన్నీ పదులు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
ఒక పది ఎక్కువుంది, తిరిగిచ్చాను.
తీసుకుంది.

వరస సంఖ్య పన్నెండు.
పేరు బెండి దాలమ్మ.
ఊరు నౌపడ.
వృత్తి గడిలో, ఉప్పు.
ఏలిముద్ర ఎయ్యాలా, అంది.
అక్కర్లేదన్నాను.
బీరువాలోంచి నా పాత సిరాపెట్టె తీయించి మరీ వేసింది,
గడి దాటి, పదకొండో పేరు మీదికి కూడా.

రసీదు చింపిచ్చాను.
డబ్బులున్న చోటే ముడేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక వరండా కడుగుతుంటే
పిన్నీసు హవాయి అక్కడే ఉంది, రెండు కాళ్ళవీ.
ఫోను చేశాను.
ఉంచండమ్మా, మళ్ళీ వస్తాం కదా, అన్నాడు.
ఎంతమంది, అన్నాను.
గాలి హోరు, చంటిదాని ఏడుపు,
ఎవరో నవ్వు,
లైను కట్టయింది.